బండి ఆగే ఉంది

ఆరేళ్ళుగా నేనొక బరువు మోస్తున్నాను. బరువు అన్నానని పెద్దగా ఊహించుకోకండి. అరచేతంత పసుపు కార్డు. దాని మీద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. రాసింది నేను. కింద పేరు లేదు. పేరు రాయనక్కర్లేదని ఆ కార్డు మీదే అచ్చువేసి ఉంటుంది, కాబట్టి నిబంధనల ప్రకారం నేను చేసిన తప్పేమీ లేదు. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. సులువైన పని ముందు చేయడం నా అలవాటు.

సింగపూర్‌లో ఒకప్పుడు ట్రాములు తిరిగేవని చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల ఎవరికీ నష్టం లేదు. కొందరికి మాత్రం ఆ సంగతి ఒకసారి తలకెక్కిందంటే ఇక శనాదివారాలు మిగలవు. అలాంటివాళ్ళం కొంతమందిమి కలిసి నడిపే చిన్న మ్యూజియం ఒకటుంది. పేరు చెప్పను. ఒక రేకుల షెడ్డు, అరకిలోమీటరు పట్టాలు, పైన కరెంటు తీగ, నాలుగు పాత ట్రాము బళ్ళు. వాటిలో కదిలేవి అప్పట్లో రెండే. బండి నడిపేవాళ్ళు, గంట కొట్టేవాళ్ళు, బ్రేకులకు గ్రీజు పూసేవాళ్ళు, అందరూ జీతం లేని వాలంటీర్లే. మిగతా ఐదు రోజులూ నేను రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తాను. ఎక్కడ ఏది తప్పుదారి పట్టొచ్చో ముందే ఊహించి, దాన్ని పొందికైన వాక్యాల్లో రాసిపెట్టడం నా ఉద్యోగం. బాగానే చేస్తానని పేరు.

సుధాకర్, నేను ఒకే శనివారం చేరాం. అతనిది కరీంనగర్ వైపు. మాది కాకినాడ. నాకంటే నాలుగేళ్ళు చిన్న. జురాంగ్ వెస్ట్‌లో ఉంటాడు, క్రేన్లు మరమ్మతు చేసే ఒక కంపెనీలో సూపర్‌వైజరు. ఆ మొదటి రోజు నేను ఫోన్లో మా ఆవిడతో మాట్లాడుతుంటే విని, షెడ్డు అవతలి కొస నుంచి నవ్వుకుంటూ వచ్చి "తెలుగా అన్నా?" అన్నాడు. ఆ 'అన్నా' అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేదేమో. ఆగలేదు. ఇప్పటికీ అలాగే పిలుస్తాడు.

మా ఇద్దరికీ బండి నేర్పింది లిమ్ అంకుల్. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు, అప్పటికే డెబ్బై దాటాయి. ఎక్కువ మాట్లాడడు. డ్రైవరు కావాలంటే రాత పరీక్ష ఉంది, మ్యూజియం వాళ్ళ ప్రాక్టికల్ పరీక్ష ఉంది. ఈ రెండూ కాక లిమ్ అంకుల్‌ది మూడోది ఒకటి, రూల్‌బుక్కులో ఎక్కడా లేనిది. డ్రైవరు కాళ్ళ దగ్గర నేలమీద, గ్లాసు నిండా కోపీ, అంటే ఇక్కడి కాఫీ, పెడతాడు. అంచు దాకా. బండి తీసి, మూడు స్టాపుల్లో ఆపి, చివరికి తీసుకెళ్ళాలి. కోపీ ఒలకకూడదు.

రాత పరీక్షలో నాకు నూటికి నూరు వచ్చాయి. రూల్‌బుక్కు పేజీ నంబర్లతో సహా చెప్పగలను. కోపీ సంగతికొస్తే, మొదటి స్టాపు దగ్గరే అందులో సగం నా కుడికాలి బూటులో ఉంది. లిమ్ అంకుల్ కిందికి చూశాడు, నన్ను చూశాడు. "యూ డ్రైవ్ లైక్ టైపింగ్, లా" అన్నాడు. తిట్టు కాదది. ఉన్న మాట. బండి వేగం పెంచే, తగ్గించే హ్యాండిల్‌ని నేను ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టి తిప్పుతాను. ప్రతి మెట్టుకీ ఒక కీ నొక్కినట్టు ఉంటుంది.

సుధాకర్ హ్యాండిల్ వంక చూడనైనా చూడడు. రాత పరీక్ష రెండోసారికి గట్టెక్కాడు. కానీ ఆ రోజు కోపీ గ్లాసులో చిన్న వలయం కూడా లేవలేదు. చివరి స్టాపులో లిమ్ అంకుల్ ఆ గ్లాసు తీసుకుని, అక్కడే నిలబడి, మొత్తం తాగేశాడు. ఆయన ఇచ్చే సర్టిఫికెట్ అదే. మ్యూజియం పరీక్షలు గట్టెక్కి ఇద్దరం డ్రైవర్లమయ్యాం, కానీ నాకు ఆ సర్టిఫికెట్ రాలేదు. నా కోపీ తాగడానికి మిగల్లేదు.

అసూయ అనే మాట అప్పట్లో నా నోట రాలేదు. నా దగ్గర అంతకన్నా శుభ్రమైన మాటలుండేవి. 'అతనికి థియరీ తక్కువ.' 'చెయ్యి బాగుంది, పద్ధతి లేదు.' ఆఫీసులో అయితే దీన్ని అభిప్రాయం అంటారు. ఒక ఆదివారం మా అమ్మాయిని తీసుకెళ్ళాను. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక ట్రిప్పు సుధాకర్‌తో, ఒక ట్రిప్పు నాతో తిరిగింది. దిగాక అంది: "నాన్నా, సుధాకర్ అంకుల్ స్టాప్ సో స్మూత్ లా. యువర్స్ ఆల్సో కెన్, బట్..." నాదీ ఫరవాలేదట. ఆ 'బట్' తర్వాత ఏమీ అనలేదు. ఇక్కడ పుట్టిన పిల్లల మర్యాద అలా ఉంటుంది. ఆ వాక్యం మిగతా సగాన్ని, మేముండే హౌగాంగ్ దాకా రైల్లో నేనే పూర్తి చేసుకుంటూ వచ్చాను, రకరకాలుగా.

అప్పటికి మూడేళ్ళుగా ఒక ఆకుపచ్చ బండిని బాగుచేస్తున్నాం. దాని పద్దెనిమిది కిటికీల చట్రాలనూ గరుకు కాగితంతో రుద్ది, పాత రంగు తీసింది నేను. గోళ్ళలో ఆ పచ్చ రంగుతోనే ఎన్నో సోమవారాలు ఆఫీసుకెళ్ళాను. బండి సిద్ధమైంది. జనం ముందు దాని మొదటి పరుగుకు డ్యూటీ కాగితం గోడకు అంటించారు. డ్యూటీలు వేసేది గ్రేస్ ఆంటీ, రిటైరైన నర్సు. డ్రైవరు: సుధాకర్. పక్కన శిక్షకుడు: లిమ్. కండక్టరు: నేను. రిజర్వు డ్రైవరు: అదీ నేనే, బ్రాకెట్లలో.

ఆ కాగితం ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సుధాకర్ వెనక నుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ కిటికీలు అందరు చూస్తరన్నా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే భరించలేకపోయాను.

ఇక ఆ శనివారం. మొదటి పరుగుకు ఇంకా రెండు వారాలుంది. సుధాకర్ శనివారాలు ఒక్కపొద్దు ఉంటాడు. ఆ రోజు ఎండ కూడా మండిపోతోంది. మధ్యాహ్నం ట్రిప్పు ముగించి, జనం దిగాక, షెడ్డు ముందు బండి ఆపాడు. చేతి బ్రేకు బిగించాడు. హ్యాండిల్ ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. రూల్‌బుక్కులో ఏముందో సరిగ్గా అదే వరసలో. తర్వాత బండి మెట్టు మీద కూర్చుని, తడి రుమాలు నెత్తిన వేసుకుని, నుదురు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండు నిమిషాలు. "ఏం లేదన్నా, ఒక్కపొద్దు గదా" అన్నాడు. నీళ్ళు తాగి లేచాడు. అక్కడున్నది మేం ముగ్గురమే. అతను, నేను, కాస్త దూరంలో కరెంటు తీగ చూసుకుంటూ లిమ్ అంకుల్.

మా షెడ్డు తలుపు పక్కన ఒక పెట్టె ఉంటుంది, దాని పక్కనే పసుపు కార్డులు. ప్రమాదం జరగకపోయినా, జరిగి ఉండేదే అనిపించిన ప్రతి సంగతినీ ఎవరైనా రాసి అందులో వేయొచ్చు. పేరు అక్కర్లేదు. ఎవరు రాశారని ఎవరూ అడగకూడదు. జంకు లేకుండా నిజం బయటికి రావాలని ఆ ఏర్పాటు. డ్రైవరు ఆరోగ్యం గురించి కార్డు వస్తే, ఆ రోజు నుంచే అతన్ని హ్యాండిల్ ముట్టనివ్వరు. డాక్టరు ఉత్తరం తేవాలి, ఆ తర్వాత శిక్షకుడిని పక్కన పెట్టుకుని పది ట్రిప్పులు తిప్పి చూపించాలి. మంచి నియమం. ఆ మాట గట్టిగా చెప్పగలను, ఎందుకంటే దాని ముసాయిదా రాసిచ్చింది నేనే.

ఒక కార్డు ఇంటికి తెచ్చుకున్నాను. ఆ సాయంత్రం మా ఆవిడ అమ్మాయిని డాన్సు క్లాసుకు తీసుకెళ్ళింది. భోజనాల బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎడమచేత్తో రాద్దామనుకున్నాను. మరీ సినిమాలా ఉంటుందని కుడిచేత్తోనే పెద్దక్షరాల్లో రాశాను. మొదటి వాక్యం తేదీ, సమయం. నిజం. రెండోది, డ్రైవరు నుదురు పట్టుకుని కళ్ళు మూసుకుని కనిపించాడని. అదీ నిజమే. మూడోది, ఆ సమయంలో బండి కదులుతోందని. నాలుగోది, ప్రయాణికుల భద్రత దృష్ట్యా ఈ విషయం పరిశీలించగలరని.

అబద్ధం మూడో వాక్యం. కానీ నాకు ఎక్కువ అసహ్యం వేసేది నాలుగో వాక్యం మీద.

బండి ఆగే ఉంది. చేతి బ్రేకు బిగించి ఉంది. హ్యాండిల్ అతని జేబులో ఉంది. ఆ బండి కదలాలంటే మేం ముగ్గురం వెనక నుంచి తోయాలి. ఇదంతా నాకు తెలుసు. పొరపాటున రాయలేదు. కోపంలో రాయలేదు. రాశాక ఒకసారి చదువుకుని, రెండో వాక్యంలో ఒక కామా తీసేశాను. నేను ఎలాంటివాడినో ఆ కామాయే బాగా చెబుతుంది.

ఆదివారం పొద్దున్న కార్డు పెట్టెలో వేశాను. పదింటికల్లా గ్రేస్ ఆంటీ సుధాకర్‌ని పక్కకు పిలిచింది. అతను మొదట నవ్వాడు. తర్వాత నవ్వలేదు. జేబులోంచి హ్యాండిల్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. రెండు చేతులతో, గుళ్ళో ప్రసాదం పళ్ళెం అందించినట్టు.

మొదటి పరుగు నేనే నడిపాను. ఆ ఫోటో ఇప్పటికీ షెడ్డు గోడ మీద ఉంది. అందులో నేను బాగా ఉంటాను. రెండో స్టాపులో జనం అందరూ ఒకేసారి ముందుకు తూగారు, అయినా చప్పట్లు కొట్టారు. నా పక్కన లిమ్ అంకుల్ నిలబడి ఉన్నాడు. ఆ రోజు కోపీ పెట్టలేదు. సుధాకర్ ఇస్త్రీ చొక్కాతో వచ్చి, జనానికి అడ్డంగా కట్టిన తాడు దగ్గర నిలబడి, పిల్లల్ని పట్టాల మీదికి రానివ్వకుండా చూసుకున్నాడు. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది అతనే. నేను చూశాను. అలాంటివే నా కంట పడతాయి.

ఆ మధ్యాహ్నం దగ్గర్లో, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఇద్దరం టీ ముందు కూర్చున్నాం. మీకు అసలు చెప్పాలనుకున్నది ఇది. కార్డు చిన్న తప్పు. ఇది పెద్దది.

"అన్నా, ఒక మాట అడుగుత. ఏమనుకోకు."

"అడుగు."

"గా కార్డు ఎవరు రాసిండ్రంటవ్?"

"పేరుండదు కదా సుధాకర్. అడగకూడదని రూలు."

"రూలు నాకెరుకనే. బండి నడుస్తుంటె కండ్లు మూసుకున్ననట. నాకు తెల్వకుంట నా కండ్లు ఎట్ల మూసుకుంటయన్నా?"

నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. తర్వాత వేళ్ళు లెక్కపెట్టాడు.

"ఆ దినం ఆడ ఉన్నది ముగ్గురమే. నేను, నువ్వు, పెద్దాయన. నేనైతె రాసుకోలె."

నేను టీలో చెంచా తిప్పుతూ ఉన్నాను.

"నువ్వు రాయవు. నువ్వు మనోడివి."

ఇక్కడ ఒక ఖాళీ ఉంది. ఎంతసేపో చెప్పలేను. ఆ ఖాళీలో 'నేనే రాశాను' అనే మాట సరిగ్గా పట్టేది. అతను నన్ను కొట్టేవాడేమో. కొట్టి, మళ్ళీ టీ తెప్పించేవాడేమో. ఆ రకం మనిషి. నేను చెంచా తిప్పుతూనే ఉన్నాను.

"మరి పెద్దాయననా? నాకు బండి నేర్పినోడన్నా. ఆయనకేమొచ్చింది?"

అప్పుడు నేనన్న మాటలు ఇవి, ఒక్క అక్షరం మార్చకుండా: "పెద్దాయన కదా సుధాకర్. దూరంగా ఉన్నాడు, చూపు కూడా మునుపట్లా లేదేమో. కావాలని రాసి ఉండడులే."

మళ్ళీ చదవండి. ఎంత దయగా ఉందో చూడండి. నేను లిమ్ అంకుల్ మీద నేరం మోపలేదు. మోపకుండానే క్షమించేశాను. క్షమించడంతో నేరం రుజువైపోయింది. బ్యాంకులో నాకు జీతం ఇలాంటి వాక్యాలకే ఇస్తారు.

సుధాకర్ టీ గ్లాసు పక్కకు జరిపాడు. "కావాలని కాకుంటె ముఖం మీద అడుగొచ్చు గదా. 'ఏంరా, పాణం మంచిగ లేదా' అని. చిట్టీ రాసుడేందన్నా?" అన్నాడు. "నాయిన లెక్క అనుకున్న."

నేను అతని భుజం తట్టాను. అవును, అదీ చేశాను.

డాక్టరు పరీక్షలకు నెల పట్టింది. ఏమీ లేదని తేలింది. ఇక మిగిలింది శిక్షకుడితో పది ట్రిప్పులు. మాకున్న శిక్షకుడు ఒక్కడే, లిమ్ అంకుల్. ఆయన పక్కన నిలబడనని సుధాకర్ గ్రేస్ ఆంటీతో చెప్పాడు. కారణం చెప్పలేదు. ఎవరు రాశారని అడగకూడదన్న నియమాన్ని చివరిదాకా పాటించింది అతనొక్కడే. ఆవిడ బతిమాలింది. లిమ్ అంకుల్ రెండు శనివారాలు అతని కోసం షెడ్డు ముందు, మూత పెట్టిన కోపీ గ్లాసుతో ఎదురుచూశాడు. రెండో శనివారం సుధాకర్ వచ్చాడు. యూనిఫాం మడతపెట్టి ఆఫీసులో ఇచ్చి, ఆయన పక్క నుంచి తల తిప్పకుండా నడిచి వెళ్ళిపోయాడు. ముసలాయన చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ సర్దుకున్నాడు.

"వై హి యాంగ్రీ విత్ మీ, ఆ?" అని నన్నడిగాడు. ఆఫీసులో పని ఎక్కువైందట అంకుల్, అన్నాను.

ఒక్కోసారి నా తరఫున నేనే వాదించుకుంటాను. ఎండలో, కడుపు మాడ్చుకుని బండి నడపడం మంచిదా? కాదు కదా. మరి దాని గురించి ఎవరో ఒకరు రాయాలి కదా? రాయాలి. 'బండి ఆగాక డ్రైవరు నీరసంగా కూర్చున్నాడు, ఉపవాసం ఉన్నాడు, ఎండ రోజుల్లో మధ్యాహ్నం ట్రిప్పుకు మనిషిని మార్చడం మంచిది' అని రాసి ఉంటే మా మ్యూజియంలో ఎవరూ రాయనంత మంచి కార్డు అయ్యేది. గ్రేస్ ఆంటీ డ్యూటీలు మార్చేది. సుధాకర్ ఆకుపచ్చ బండి నడిపేవాడు. ఆ కార్డు నా చేతిదాకా వచ్చింది. అది రాస్తే నాకేం వస్తుంది? అందుకే రాయలేదు. వాదన ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతుంది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఇంతకంటే ముందుకు వెళ్ళలేదు.

ఇంకొకటి జరిగింది, మెల్లగా. ఆ తర్వాత మా షెడ్డులో అందరూ నలుగురి ముందు కూర్చోవడం మానేశారు. ఎంత ఎండైనా, ఎంత అలసటైనా నిలబడే ఉంటారు, నీళ్ళు కూడా చాటుకు వెళ్ళి తాగుతారు. ఎవరి చేతిలో కార్డుందో ఎవరికి తెలుసు? పెట్టెలో కార్డులు తగ్గిపోయాయి. పరిస్థితి బాగుపడిందని మీటింగులో ఒకరు సంతోషించారు కూడా. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, బండి నిండా బడిపిల్లలు, నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఆపాలి. ఆపి, గంట కొట్టి, కండక్టరుతో నాకు బాగాలేదని చెప్పాలి. ఆ నియమమూ నేను రాసిందే. ఆపలేదు. పెదవి కొరుక్కుంటూ చివరి స్టాపు దాకా తీసుకెళ్ళాను. బండి కదులుతోంది, డ్రైవరుకు కళ్ళు సరిగ్గా కనబడటం లేదు. సుధాకర్ మీద నేను కల్పించింది నేనే చేసి చూపించాను. ఏమీ జరగలేదు. జరగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ కార్డు రాయలేదు.

అతను వెళ్ళిపోయాడు కదా, అసూయైనా పోవాలి. అదీ లేదు. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకు పాతవాళ్ళు 'సుధాకర్ ఆపినట్టు ఆపాలి' అని చెబుతుంటారు. నేను పక్కనే నిలబడి తలూపుతాను. తెలుగువాళ్ళ కార్యక్రమాల్లో అతను కనిపిస్తాడు. భోజనాల వరసలో నా కోసం చోటు పెట్టి "అన్నా, ఇటు రా" అని పిలుస్తాడు. ఆకలిగా తింటాడు. బాగా నిద్రపోతాడనుకుంటాను. ఒకప్పుడు అతని చెయ్యి చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు అతను ఏ తప్పూ చేయలేదే అని కుళ్ళుకుంటున్నాను. దీనికి మందేమిటో నాకు తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల లిమ్ అంకుల్ షెడ్డుకు వచ్చాడు. బండి నడపడం మానేశాడు, వయసు దాటింది. బెంచీ మీద కూర్చుని చూసి వెళ్తాడు. వెళ్ళేముందు నన్ను పిలిచి, నీ ఫ్రెండు ఇంకా సింగపూర్‌లోనే ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడు అంకుల్, జురాంగ్ వెస్ట్‌లోనే, అన్నాను. "టెల్ హిమ్ ఐ ఆస్క్" అన్నాడు. సరేనన్నాను.

చెప్పలేదు. ఆ తర్వాత సుధాకర్‌ని రెండుసార్లు కలిశాను. ఒకసారి పక్కపక్కనే కూర్చుని పులిహోర తిన్నాం. ఆ చిన్న మాట చేరవేస్తే 'ఆయనెందుకు అడిగిండు?' అంటాడు. ఆ ప్రశ్న వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది. అందుకని పులిహోర బాగుందన్నాను.

పేర్లు మార్చాను. మా ఊళ్ళు కూడా. కానీ తెలుగులోనే రాశాను, ఇది చదివితే అతను గుర్తుపట్టకుండా ఉండడు. ఇందాకటి నుంచి మీకు చెబుతున్నట్టే రాస్తూ వచ్చాను. ఒక్క నిమిషం మీరు పక్కకు జరగండి.

సుధాకర్, పెద్దాయన నిన్ను అడిగాడు. ఆ కార్డు ఆయన రాయలేదు. నేను రాశాను.

ఈ మూడు ముక్కలు రాయడానికి ఆరేళ్ళు పట్టింది. రాశాక లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఏమీ మారలేదు. వాక్యం అలాగే ఉంది, నా పేరు లేకపోయినా అందులో 'నేను' ఉంది. కొట్టేయలేదు. కామాలు కూడా సరిచూడలేదు.